మాత్ర ఇచ్చారు, నెలసరి గురించి అడగలేదు

మా హాస్టల్లో పక్క గది అమ్మాయి ఒక రోజు రాత్రి పదకొండు దాటాక తలుపు తట్టింది. పీజీ రెండో ఏడాది. వాళ్ళ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. ఐదు నెలలుగా ఆందోళనకు మాత్ర వాడుతోంది. "అక్కా, ఈ మాత్ర పనిచేస్తుందో లేదో నాకే తెలుస్తలేదు. మూడు వారాలు బానే ఉంటా. తర్వాత వారం గుండె దడ, నిద్ర పట్టదు, క్లాసులో కూర్చుంటే ఊపిరాడనట్టు ఉంటది. డేట్ వచ్చిన రెండో రోజుకి మళ్ళీ మామూలే" అంది. డాక్టరుకు ఈ మాట చెప్పావా అని అడిగాను. "ఆయన అడగలే. నేను చెప్పలే. తగ్గలేదంటే డోసు పెంచిండు" అంది.

ఆయన అడగని ఆ ఒక్క ప్రశ్న వెనుక చాలా పెద్ద కథ ఉంది. అందులో వైద్యశాస్త్రం ఉంది, ఆడవాళ్ళను పరిశోధనల నుంచి దూరం పెట్టిన చరిత్ర ఉంది, మన ఊళ్ళ ఆడవాళ్ళ శరీరాల మీద జరిగిన ప్రయోగాలు ఉన్నాయి. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పు ఇస్తూ, మానసిక ఆరోగ్యం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న చోట కౌన్సెలర్ ఉండాలని, ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులతో వివక్ష లేకుండా మెలగడంలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని వాటిలో ఉంది. మంచిదే. కౌన్సెలర్ దగ్గరి నుంచి డాక్టరు దగ్గరికి, డాక్టరు దగ్గరి నుంచి మాత్ర దగ్గరికి మన అమ్మాయిలు ఇకపై ఎక్కువగానే వెళ్తారు. కాబట్టి ఆ మాత్ర ఆడ శరీరంలో ఎలా పనిచేస్తుందన్నది మనమూ తెలుసుకోవాల్సిన విషయమే.

హార్మోన్లకూ మాత్రకూ ఏమిటి సంబంధం?

ఆందోళన రుగ్మతలు, డిప్రెషన్ మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో దాదాపు రెండు రెట్లు ఎక్కువ. ఈ తేడా రజస్వల అయ్యే వయసులో మొదలై, పిల్లలు కనే వయసంతా కొనసాగుతుంది. దీనికి సామాజిక కారణాలు బోలెడు. వాటి దగ్గరికి తర్వాత వద్దాం. ముందు శరీరం సంగతి చూద్దాం.

ఆందోళనకు మొదట రాసే మందులు ఎక్కువగా ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకానివి. ఎస్కిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూయోక్సెటిన్ ఈ కోవలోవే. మెదడు కణాల మధ్య విడుదలైన సెరటోనిన్ వెంటనే వెనక్కి పోకుండా ఇవి ఆపుతాయి. ఈస్ట్రోజెన్ కూడా ఇదే వ్యవస్థ మీద పనిచేస్తుంది. సెరటోనిన్ తయారీకి కావాల్సిన ఎంజైమును పెంచుతుందని, దాన్ని విరగ్గొట్టే ఎంజైమును తగ్గిస్తుందని జంతువుల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. అంటే మందు, హార్మోను రెండూ ఒకే చేనుకు నీళ్ళు పెడుతున్నాయి. ఒక కాలువలో నీరు తగ్గితే రెండో కాలువ ఒక్కటే చేనంతా తడపలేకపోవచ్చు.

రెండో హార్మోను ప్రొజెస్టెరాన్. అండం విడుదలయ్యాక ఇది పెరుగుతుంది, నెలసరికి ముందు పడిపోతుంది. ఇది శరీరంలో అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థంగా మారుతుంది. మెదడును నెమ్మదింపజేసే గాబా వ్యవస్థను ఈ పదార్థం బలపరుస్తుంది. మన మెడికల్ షాపుల్లో విరివిగా దొరికే అల్ప్రజోలమ్ మాత్ర పనిచేసేది కూడా ఆ గ్రాహకం మీదే, కాకపోతే దానిలోని మరో చోట. నెలసరికి ముందు ప్రొజెస్టెరాన్ ఒక్కసారిగా పడిపోవడమంటే శరీరం తానే తయారుచేసుకుంటున్న నెమ్మది మందు హఠాత్తుగా ఆగిపోవడం. ఎలుకల్లో ఇలా ఆపి చూస్తే ఆందోళన పెరిగింది. కొందరు ఆడవాళ్ళ అనుభవమూ ఇదే చెబుతుంది.

ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు సెరటోనిన్‌తో పాటు అల్లోప్రెగ్ననలోన్‌ను కూడా పెంచుతాయని 1990ల చివర్లో వచ్చిన పరిశోధనలు చూపాయి. మామూలు డిప్రెషన్‌కు ఈ మందులు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. నెలసరికి ముందు మాత్రమే వచ్చే తీవ్రమైన ఆందోళన, చిరాకు, దిగులుకు అవే మందులు కొద్ది రోజుల్లోనే పనిచేస్తాయి. అండం విడుదలైన దగ్గర నుంచి నెలసరి వచ్చేదాకా, ఆ రెండు వారాలు మాత్రమే మందు వేసుకునే పద్ధతి కూడా ఉంది. ఈ సమస్యను పీఎమ్‌డీడీ అంటారు. 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల గ్రంథం డీఎస్‌ఎం-5 దీన్ని పూర్తి స్థాయి రుగ్మతగా గుర్తించింది. ఆందోళనకు మందు వాడుతున్నా నెలసరి ముందు వారం లక్షణాలు ముదిరితే, దాన్ని "మందు పనిచేయలేదు" అనే ఒక్క మాటతో సరిపెట్టలేం. అది పీఎమ్‌డీడీయా, ఉన్న ఆందోళనే ఆ వారం పెరుగుతోందా అన్నది విడదీసి చూడాలి. రెండింటికీ చికిత్స ఒకటి కాదు.

రక్త పరీక్ష "నార్మల్" అంటే?

హార్మోన్ పరీక్ష చేయిస్తే అన్నీ నార్మల్ అని వస్తుంది. "నీకేం లేదు, ఎక్కువ ఆలోచిస్తున్నావు" అని పంపించేస్తారు. 1998లో ప్రచురితమైన ఒక ముఖ్యమైన ప్రయోగం ఈ మాటకు జవాబు చెప్పింది. నెలసరి ముందు ఇబ్బంది పడే మహిళలకు, అలాంటి ఇబ్బంది లేని మహిళలకు ఒకే మందుతో అండాశయాల పనిని తాత్కాలికంగా ఆపారు. ఇబ్బంది పడేవారిలో చాలామందికి లక్షణాలు తగ్గాయి. తర్వాత ఈస్ట్రోజెన్ గానీ ప్రొజెస్టెరాన్ గానీ మామూలు మోతాదులో తిరిగి ఇచ్చారు. మొదటి గుంపులో లక్షణాలు మళ్ళీ వచ్చాయి, రెండో గుంపులో రాలేదు. అంటే లోపం హార్మోను మోతాదులో లేదు. మామూలు హెచ్చుతగ్గులకే కొందరి మెదడు గట్టిగా స్పందిస్తుంది. పరీక్ష నార్మల్‌గా వచ్చినా బాధ అబద్ధం కాదు.

ఇంకో కోణం కాలేయం. గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఈస్ట్రోజెన్ కొన్ని కాలేయ ఎంజైముల పనిని తగ్గిస్తుంది. ఎస్కిటలోప్రామ్‌ను ప్రధానంగా విరగ్గొట్టే సీవైపీ2సీ19 అనే ఎంజైము వాటిలో ఒకటి. ఇది పుట్టుకతోనే మందకొడిగా పనిచేసేవారు ఐరోపా జనాభాలో కంటే మన ఉపఖండంలో ఎక్కువ. అలాంటి వారిలో మందు రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. గర్భిణుల్లో కొన్ని ఎంజైములు వేగం పుంజుకుంటాయి, కొన్ని నెమ్మదిస్తాయి. దాంతో కొన్ని మందుల మోతాదు నెలలు నిండేకొద్దీ చాలకుండా పోతుంది. రొమ్ము క్యాన్సర్‌కు టమాక్సిఫెన్ వాడుతున్న మహిళకు పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్ లాంటివి ఇస్తే టమాక్సిఫెన్ శరీరంలో చురుకైన రూపానికి మారడమే తగ్గిపోతుంది. ఆందోళనకు ఇచ్చిన మాత్ర క్యాన్సర్ చికిత్సనే దెబ్బతీసే ప్రమాదం అది. అందుకే ఏ మాత్ర రాసే ముందైనా "ఇంకేం మందులు వాడుతున్నావమ్మా?" అని అడగడం మర్యాద కోసం కాదు, ప్రాణం కోసం.

ఇన్నాళ్ళూ ఎవరి శరీరాన్ని చదివారు?

ఇంత కీలకమైన సంగతి మామూలు డాక్టరు బల్ల దాకా ఎందుకు రాలేదు? ఎందుకంటే మందుల శాస్త్రం చాలాకాలం మగ శరీరాన్నే మనిషి శరీరం అనుకుంది. 1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ పిల్లలు కనే వయసు మహిళలను తొలిదశ ప్రయోగాల నుంచి తప్పించాలని మార్గదర్శకం ఇచ్చింది. 1993 దాకా అది కొనసాగింది. ఫ్లూయోక్సెటిన్‌కు 1987లో, ఆ కాలంలోనే అమెరికాలో అనుమతి వచ్చింది. ఎలుకల ప్రయోగాల సంగతీ అంతే. 2009లో వెలువడిన న్యూరోసైన్స్ పరిశోధనలను లెక్కగడితే, ఒక్క లింగాన్నే వాడినవాటిలో ఆడ జంతువులతో ఒకటి జరిగితే మగ జంతువులతో 5.5 జరిగాయి. ఆడ జంతువుల హార్మోన్ చక్రం ఫలితాలను గందరగోళపరుస్తుందని సాకు చెప్పేవారు. 2014లో దాదాపు మూడు వందల అధ్యయనాలను కలిపి చూస్తే ఆడ ఎలుకల ఫలితాల్లో మగవాటి కంటే ఎక్కువ హెచ్చుతగ్గులేమీ లేవని తేలింది.

2000లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం దీర్ఘకాల డిప్రెషన్ ఉన్న ఆరు వందల మందికి పైగా పరిశీలించింది. ఆడవాళ్ళకు సెర్ట్రలిన్, మగవాళ్ళకు పాత తరం ఇమిప్రమిన్ మెరుగ్గా పనిచేశాయి. ఆడవాళ్ళలో ఆ తేడా నెలసరి ఇంకా వస్తున్నవారిలోనే కనిపించింది. నెలసరి ఆగినవారిలో రెండు మందులకూ తేడా లేదు. తర్వాతి అధ్యయనాలన్నీ ఇదే మాట చెప్పలేదు. అయినా ఆ ప్రశ్న వేయడానికే 2000 దాకా ఆగాల్సి వచ్చిందన్నది గమనించాలి.

ప్రయోగానికి పనికొచ్చాం, జ్ఞానానికి పనికిరాలేదు

ఇక్కడ మన చరిత్ర వేరేగా ఉంది. పెద్ద దేశాల ప్రయోగశాలలు ఆడవాళ్ళను దూరం పెట్టిన రోజుల్లోనే మన పేద ఆడవాళ్ళను ప్రయోగాలకు దగ్గరికి పిలిచారు. 1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చారు. అది భారత వైద్య పరిశోధన మండలి ప్రయోగం. ప్రయోగమన్న సంగతి ఆ మహిళలకు సరిగా చెప్పలేదని స్త్రీ శక్తి సంఘటన బయటపెట్టింది. 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టులో హాస్టల్ వార్డెన్లే అనుమతి పత్రాల మీద సంతకాలు పెట్టారు. వారిలో ఆదివాసీ బాలికలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2010లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ పిల్లను, ఆమె తల్లిదండ్రులను అడిగారా లేదా అన్నదే ప్రశ్న.

2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్ ఉంది. ఇదీ హార్మోన్ మందే. డిప్రెషన్ చరిత్ర ఉన్నవారిని గమనిస్తూ ఉండాలని ఈ మందు పత్రాలే చెబుతాయి. 2016లో డెన్మార్క్‌లో పది లక్షల మందికి పైగా మహిళల రికార్డులు చూస్తే, హార్మోన్ గర్భనిరోధకాలు వాడేవారు మొదటిసారి డిప్రెషన్ మందు మొదలుపెట్టే అవకాశం కొంత ఎక్కువని, పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ళ అమ్మాయిల్లో ఇంకా ఎక్కువని తేలింది. ఇది సంబంధమే తప్ప కారణమని రుజువు కాదు. చాలామందికి ఏ ఇబ్బందీ రాదు. గర్భనిరోధకం వాడటం ఆడదాని హక్కు. దాని గురించి పూర్తిగా తెలుసుకోవడం కూడా అదే హక్కులో భాగం.

గర్భసంచి తీసేశాక

మన రెండు రాష్ట్రాల్లో ఈ విషయం మరీ బరువైనది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ మహిళల్లో గర్భసంచి తీసేయించుకున్నవారు దేశంలో 3 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో 2019లో చెరకు నరికే 82 వేల మందికి పైగా మహిళా కార్మికులను సర్వే చేస్తే 13 వేల మందికి పైగా గర్భసంచి లేదు. నెలసరి రోజుల్లో పని పోతే కూలి పోతుంది, మేస్త్రీ జరిమానా వేస్తాడు. నలభై నిండకముందే అవయవం తీసేయించుకుని కూలి నిలబెట్టుకున్నారు. అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ రోజుల్లో పడిపోతుంది. సహజంగా కొన్నేళ్ళు పట్టే మార్పు ఒక్క వారంలో జరుగుతుంది. అమెరికాలోని మాయో క్లినిక్ పరిశోధకులు 2008లో ప్రచురించిన దీర్ఘకాల అధ్యయనంలో, నెలసరి ఆగే వయసుకు ముందే రెండు అండాశయాలూ తీసేసిన మహిళల్లో తర్వాతి కాలంలో ఆందోళన లక్షణాలు రెండు రెట్లకు పైగా కనిపించాయి. మన పల్లెల్లో ముప్పై అయిదేళ్ళ కూలి మనిషి "ఆపరేషన్ అయినకాన్నుంచి ఒళ్ళంతా ఆవిర్లు, గుండె దడ, ఉత్తుత్తిగనే భయం" అంటే ఎవరు వింటున్నారు? నిద్రమాత్ర చేతిలో పెట్టి పంపుతున్నారు. అండాశయాలు ఉంచారా తీసేశారా అన్నది చాలామందికి తెలియదు. డిశ్చార్జి కాగితం పోయి ఉంటుంది, లేదా అర్థం కాని ఇంగ్లిషులో ఉంటుంది. ఆమెకు కావాల్సింది హార్మోన్ చికిత్సా, ఎస్‌ఎస్‌ఆర్‌ఐనా, రెండూనా అని తేల్చాలంటే ముందు ఆ కాగితం కావాలి.

హార్మోను మీదికి నెట్టేస్తే కులం తప్పించుకుంటుంది

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. "అంతా హార్మోన్ల వల్లే" అనే మాట ఆడవాళ్ళ నోరు మూయించడానికి పనికొచ్చిన పాత ఆయుధం. దళిత స్త్రీ కోపంతో మాట్లాడితే అది ఆమె నెలసరి ఖాతాలోకి పోకూడదు. గైడ్ ఆరు నెలలుగా చాప్టర్ చదవకపోతే, మెస్‌లో కులం పేరుతో నవ్వితే, ఫెలోషిప్ రాక ఇంటికి డబ్బు పంపలేకపోతే వచ్చే దడ హార్మోన్ దడ కాదు. 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం సర్వే డేటాను చూసి, దళితులు, ముస్లింలు అగ్రకుల హిందువుల కంటే ఎక్కువ ఆందోళన, దిగులు చెప్పుకున్నారని చూపింది. మాత్ర ఆ అవమానాన్ని మాన్పదు.

అలాగని శరీరాన్ని మాట్లాడకుండా వదిలేస్తే నష్టపోయేదీ మనమే. వేధింపు నెలంతా ఉంటుంది. దాన్ని తట్టుకునే శక్తి మాత్రం నెలంతా ఒకేలా ఉండదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం. రక్తహీనత, థైరాయిడ్ కూడా గుండె దడగా, ఆయాసంగా బయటపడతాయి. 2019-21 సర్వే ప్రకారం దేశంలో 57 శాతం మహిళలకు రక్తహీనత ఉంది. రక్తపరీక్ష కూడా చేయకుండా ఆందోళన అని రాసేయడమూ నిర్లక్ష్యమే.

కానీ ఈ రెండు నిజాలూ కలిసే చోట మనకు లెక్కలే లేవు. నిమ్హాన్స్ చేసిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 12 రాష్ట్రాలున్నాయి. తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. ఆ సర్వే ప్రకారమే వివిధ మానసిక సమస్యలున్నవారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ప్రసవం తర్వాతి డిప్రెషన్‌కు అల్లోప్రెగ్ననలోన్ సూత్రం మీదే తయారైన జురనొలోన్ మాత్రకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. 14 రోజుల కోర్సు ధర 15,900 డాలర్లు పెట్టారు. విజ్ఞానం ముందుకు పోతోంది, మన ఆశా కార్యకర్త చేతిలో బాలింతను అడగాల్సిన నాలుగు ప్రశ్నల కాగితం కూడా ఉండటం లేదు.

మనం అడగాల్సినవి

1928లో బొంబాయి శాసనమండలిలో అంబేడ్కర్ కార్మిక మహిళల ప్రసూతి ప్రయోజన బిల్లును సమర్థించారు. ఆడదాని శరీరం ఆమె ఇంటి గుట్టుగా మిగిలిపోకుండా చట్టం పట్టించుకోవాల్సిన విషయమైంది. ఆ బాటలోనే మనం ఇప్పుడు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి.

2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం సెక్షన్ 18 కులం, లింగం ఆధారంగా వివక్ష లేని చికిత్సను హక్కుగా చెబుతోంది. అత్యవసర మందుల జాబితాలో ఉన్న మానసిక ఆరోగ్య మందులను సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నిటా ఉచితంగా ఇవ్వాలంటోంది. ఎస్కిటలోప్రామ్, ఫ్లూయోక్సెటిన్ ఆ జాబితాలో ఉన్నాయి. మీ మండలంలో దొరుకుతున్నాయా? సమాచార హక్కు దరఖాస్తు వేయండి. యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రంలో ఓపీ చీటీ మీద నెలసరి తేదీ, గర్భనిరోధకం, ప్రసవం, ఆపరేషన్ వివరాలకు నాలుగు గళ్ళు ఉండాలని అడగండి. వారానికి రెండు రోజులైనా మహిళా డాక్టరు ఉండాలని అడగండి. గర్భసంచి ఆపరేషన్ అయిన ప్రతి మహిళకూ ఏం తీశారో తెలుగులో రాసిన కాగితం ఇవ్వాలని అడగండి. మందుల ప్రయోగాల ఫలితాలను లింగం వారీగా, నెలసరి దశ వారీగా చూపాలని మనలో పరిశోధన చేసేవాళ్ళు అడగాలి. మన సొంత పరిశోధనల్లో కులం అనే గడిని వదలకూడదు.

మందు వాడుతున్న చెల్లెళ్ళకు, అక్కలకు ఒక మాట. ఇది చదివి మాత్ర ఆపకండి, సొంతంగా పెంచకండి. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, చిరాకు, ఆందోళన ఎక్కువవుతాయి. ఒక క్యాలెండర్ తీసుకోండి. రెండు నెలల పాటు రోజూ రాత్రి దడ, నిద్ర, భయం, చిరాకు ఎంతెంత ఉన్నాయో సున్నా నుంచి మూడు దాకా అంకె వేయండి. నెలసరి తేదీ గుర్తు పెట్టండి. పీఎమ్‌డీడీ నిర్ధారణకు డాక్టర్లు చూడాల్సింది ఇలాంటి రెండు నెలల రికార్డునే. మాట్లాడే మనిషి దొరక్కపోతే ప్రభుత్వ టెలీ-మానస్ నంబరు 14416 ఉంది. తెలుగులో మాట్లాడొచ్చు.

పక్క గది అమ్మాయి రెండు నెలలు అలాగే రాసింది. ఆ కాగితం పట్టుకుని ఇద్దరం కలిసే వెళ్ళాం. ఈసారి ఆమె నోరు తెరిచి చెప్పాల్సిన పని లేకపోయింది, కాగితమే చెప్పింది. డాక్టరు చాలాసేపు చూశారు. "ఇది ముందే తెచ్చి ఉంటే డోసు పెంచేవాణ్ణి కాదమ్మా" అన్నారు. బయటికొచ్చాక ఆ అమ్మాయి నాతో అంది: "ముందే అడిగి ఉంటే ముందే తెచ్చేదాన్ని కదా అక్కా."